ఎండిన కాలువలో నడక ఆరోగ్యానికి మంచిది

కాలువలో నీళ్లు రాకపోవడం ఎంత అదృష్టమో మన రైతులకు ఇంకా తెలిసిరాలేదు. రెండేళ్లుగా ఊరికే గోల పెడుతున్నారు. ధర్నా అంటారు, రాస్తారోకో అంటారు, హైవే మీద బస్సులు ఆపి నాలాంటి ఉద్యోగస్థుల్ని ఎండలో నిలబెడతారు. వీళ్లలో ఒక్కరైనా ఆ కాలువలోకి దిగి, కాస్త దూరం నడిచి చూశారా?

నేను నడిచాను. నలభై ఏడు కిలోమీటర్లు నడిచాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

నిదానంగా ఆలోచించండి. కాలువ అడుగు బల్లపరుపుగా ఉంటుంది. లారీ రాదు, హారన్ మోగదు. రెండు పక్కలా గట్లు, గట్ల మీద తుమ్మచెట్లు, పొద్దున తొమ్మిదింటి దాకా నీడ. దారి తప్పుతామన్న భయం లేదు, కాలువ ఎటు పోతే మనమూ అటే. హైవేని నాలుగు లైన్లు చేస్తామని తవ్వి పోసి నడిచేవాడికి అరడుగు జాగా కూడా మిగల్చని ఈ రోజుల్లో ఇంత వెడల్పు దారి మనకు ఊరికే దొరికింది. నీళ్లు అడ్డం రాకుండా ఎవరో పైనుంచి కనిపెట్టుకుని చూస్తున్నారు కూడా. ఆ మహానుభావులకు ఎప్పుడైనా ఒక దండ వేశామా?

ఈ సత్యాన్ని మొదట కనిపెట్టింది ఉదయభాస్కర్. నందిగామలో బ్యాంకు ఆఫీసరు. ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివాడట, పై దేశాల్లో స్నేహితులంతా కలిసి నెలల తరబడి కొండల్లో ఒకే దారి పట్టుకుని నడుస్తారని. దానికొక నియమం ఉంది. మొదలు నుంచి చివరిదాకా కాలినడకనే వెళ్లాలి. మధ్యలో ఒక్క కిలోమీటరు బస్సెక్కినా మొత్తం నడక లెక్కలోకి రాదు.

“మనకి కొండలెక్కడున్నాయండీ?” అన్నాను, తప్పించుకుందామని.

“కాలవుంది కదా ఉమాకాంతంగారూ. చివరి తూము నుంచి జగ్గయ్యపేట అవతల జిల్లా హద్దు దాకా. వెళ్లటం, రావటం.”

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద ఇదే కాలువను నీలం సుద్దముక్కతో గీసి, నీలం రంగు వెయ్యని పిల్లలకు మార్కులు తగ్గిస్తున్నాను. ఒక్కనాడూ దగ్గరికి వెళ్లి చూసిన పాపాన పోలేదు. పైగా ఒంట్లో షుగరుంది, డాక్టరు నడవమన్నాడు. సరే అన్నాను.

మూడో మనిషి వెంకటరత్నంగారు. మా టీకొట్టు స్నేహితుడు. కాలువ చిట్టచివరి తూము కింద మూడెకరాల మిరప వేశారు. ఆయన కూడా వస్తాననేసరికి నాకు నవ్వొచ్చింది. రోజంతా పొలంలో తిరిగే మనిషికి వాకింగ్ దేనికి?

“నీళ్లు వదుల్తారంటన్నారు మాస్టారూ” అన్నారాయన. “ఎక్కడిదాకా వచ్చినయ్యో చూసొద్దాం. ఇంకొక్క తడి పడితే కాయ నిలబడిద్ది. పది రోజులు దాటిందంటే ఇంక వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.”

ఒక్క తడి. అంటే చేనంతా ఒక్కసారి నీళ్లతో తడవడం. ఆయన అడుగుతున్నది అంతే. అయినా ఆ మాట నాకు చెవికెక్కలేదు. నా బుద్ధంతా కొత్త బూట్ల మీద ఉంది.

బయల్దేరే ముందురోజు మా ఆవిడ వసుమతి అడిగింది. “జగ్గయ్యపేటకి బస్సెక్కితే ముప్పావుగంటే కదండీ. అక్కడేమన్నా పనుందా?”

“పనేం లేదు. వెళ్లి వెనక్కి రావడమే.”

ఆవిడ నన్ను కాసేపు చూసి, వెళ్లి పులిహోరకు చింతపండు నానబెట్టింది. పాతికేళ్ల కాపురంలో నా మీద ఆమెకు ఏర్పడిన అభిప్రాయం ఆ చూపులో మొత్తం ఉంది.

బూట్ల సంగతీ చెప్పాలి. తెల్ల కాన్వాసు బూట్లు, బెజవాడలో కొన్నాను. కొంచెం బిగువుగా ఉన్నాయంటే, నడిస్తే సాగుతాయన్నాడు షాపువాడు. నాలుగో కిలోమీటరు దగ్గర రెండు మడమల మీదా బొబ్బలు లేచాయి. ఎనిమిదో కిలోమీటరుకి చితికాయి. అయినా ఎండిన కాలువ గొప్పతనం చూడండి, కుంటుకుంటూ నడిచినా చూసి నవ్వేవాడు లేడు.

లేడనుకున్నానే గాని, ఉన్నారు. గట్ల మీద నుంచి ఊళ్లకు ఊళ్లు మమ్మల్ని చూస్తున్నాయి. నవ్వడానికి కాదు.

నా నెత్తిన టోపీ, చేతిలో కర్ర. ఉదయభాస్కర్ చేతిలో నోట్‌బుక్, కిలోమీటరుకోసారి ఆగి టైము రాసుకుంటున్నాడు. ముగ్గురి భుజాలకూ సంచులు. మా ప్రాంతంలో ఈ వేషంతో కాలువలో నడిచేవాడు ఆఫీసరు తప్ప మరొకడు కాడు. మొదటి ఊరు దగ్గరే నలుగురు రైతులు గట్టు దిగి వచ్చి నమస్కారం పెట్టారు. ఒకాయన మజ్జిగ తెచ్చాడు. ఇంకొకాయన అర్జీ తెచ్చాడు. మజ్జిగ తాగాక అర్జీ తీసుకోకపోతే బాగుంటుందా? తీసుకున్నాను.

కాదని చెప్పవచ్చు కదా అంటారు మీరు. అయ్యా, ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను, లెక్కల మాస్టారు వస్తే లేచి నిలబడే పిల్లలు నేను వస్తే అరటిపండు వొలుచుకుంటారు. అలాంటి నాకు జీవితంలో మొదటిసారి పెద్దమనుషులు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. బొబ్బల నొప్పి కూడా తగ్గినట్టనిపించింది.

చిల్లకల్లు దాటాక రాఘవమ్మ అనే పెద్దావిడ మమ్మల్ని గట్టు మీదికి పిలిచి అన్నం పెట్టింది. భర్త లేడు. ఎకరంన్నర మిరప తనే చేసుకుంటోంది. వేడివేడి అన్నం, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. చేతులు కడుక్కుంటుంటే అడిగింది.

“మా గురించి కాస్త చూస్తారుగా బాబూ?”

“చూస్తాం” అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఎక్కడా నేర్చుకోలేదు, సాధన చెయ్యలేదు. టోపీ పెట్టుకుంటే దానంతటదే వచ్చేసింది. వెంకటరత్నంగారు తల వంచుకుని సంచి సర్దుకున్నారు. రెండోరోజు సాయంత్రానికి నా సంచిలో పదకొండు అర్జీలు పోగయ్యాయి, వసుమతి పులిహోర మాత్రం ముట్టుకోకుండా పాడైపోయింది.

మూడోరోజు పొద్దున జిల్లా హద్దు చేరాం. గట్టు మీద సైకిలు ఆనించుకుని లస్కరు నిలబడి ఉన్నాడు. కాలువ కాపలా చూసే ఉద్యోగి, పేరు బాలస్వామి, హద్దు అవతలి మనిషి.

“జర పైకి రాండ్రి సారూ” అన్నాడు. “నిన్న పొద్దుగాలనే ఇడిసిన్రు. వస్తున్నయి.”

“ఏవి?” అన్నాను నేను.

ఇరవై రెండేళ్లు నీలం సుద్దతో కాలువలు గీసినవాడు అడగవలసిన ప్రశ్నేనా ఇది? కాలువలోకి రావడానికి నీళ్లు తప్ప ఇంకేముంటాయి?

వచ్చాయి. వరదలా ఏమీ కాదు. గచ్చు మీద బిందె ఒలికినట్టు మట్టిరంగు నీళ్లు, ముందు చెత్తాచెదారం తోసుకుంటూ, నెర్రెల్లో ఇంకుతూ, అవి నిండాక మళ్లీ కదులుతూ, మనిషి నడిచినంత నెమ్మదిగా వచ్చాయి. అంత నెమ్మదిగా వస్తున్న నీళ్లను చూసి కూడా నేను పరుగెత్తాను. గట్టెక్కే తొందరలో ఎడమకాలి బూటు ఊడి వెనక్కి జారింది, కాలువ దాన్ని తీసుకుపోయింది. ఉదయభాస్కర్ ఆ టైము కూడా రాసుకున్నాడు.

వెంకటరత్నంగారు మాత్రం గట్టెక్కలేదు. కాలువ మధ్యలో అలాగే నిలబడ్డారు. నీళ్లు పాదాలు తాకాయి, చీలమండలు మునిగాయి, మోకాలి దాకా వచ్చాయి. అప్పుడు సంచిలో నుంచి లీటరు సీసా తీసి, అందులో ఉన్న మంచినీళ్లు పారబోసి, ఆ బురదనీళ్లు నింపుకున్నారు.

“మా సీతారావమ్మకి చూపిత్తా. ఊరికే వదిలారని చెప్తే నమ్మదు” అన్నారు భార్యను తలుచుకుని. ఆయన మొహం అంత సంతోషంగా ఉండటం నేను ఏడాదిలో చూడలేదు.

తిరుగు నడక గట్టు మీద. బాలస్వామి దగ్గర పాత హవాయి చెప్పు ఒకటి పుచ్చుకుని ఎడమకాలికి తొడిగాను. కాలువలో నీళ్లు, పక్కన మేము, అడుగుకి అడుగు. కాసేపు మేము ముందు, కాసేపు అవి ముందు. వెంకటరత్నంగారు ఎవరో చుట్టాన్ని ఇంటికి తీసుకుపోతున్నట్టు దారంతా నీళ్ల వంకే చూస్తూ నడిచారు. ఈ లెక్కన ఎల్లుండికి తన తూము దగ్గరుంటాయన్నారు.

కాని ఒక్కో ఊరు వచ్చేకొద్దీ గట్టు మీద ఆయిలింజన్లు మోగుతున్నాయి. ఒక్కో ఇంజను నుంచి ఒక్కో గొట్టం కాలువలోకి దిగి ఉంది. మోకాలి లోతు నీళ్లు పిక్కల లోతుకి దిగాయి. రాఘవమ్మ చేను దగ్గరికి వచ్చేసరికి కాలువలో పాదం మునిగేటన్ని మిగిలాయి. అక్కడ ఇంకో నాలుగు ఇంజన్లు సిద్ధంగా ఉన్నాయి.

ఉదయభాస్కర్ నా చెవిలో అన్నాడు. “మీరు ఆఫీసరే కదా. ఇంజన్లు ఆపమని ఒక్క మాట చెప్పండి. వెంకటరత్నంగారికి ఒక్క తడి వెళ్తుంది.”

నిజమే. ఆఫీసరుగా అన్నం తిన్నవాణ్ని, ఆఫీసరుగా ఒక మంచిపని చెయ్యలేనా? ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు ఉన్న సంగతి మరిచిపోయి, టోపీ సర్దుకుని ముందుకెళ్లాను. నోరు తెరిచేలోపు రాఘవమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“అన్నమాట నిలబెట్టుకున్నావు నాయనా. ఇట్టా చూస్తామన్నోళ్లు చాలామంది వచ్చారు. వెళ్లిన మూడోనాడే నీళ్లు తెచ్చింది నువ్వొక్కడివే. చల్లగా ఉండు.”

ఇంజన్లు ఆపమనే మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆవిడ ఇంజను దడదడమంటోంది గాని నీళ్లు సరిగ్గా రావడం లేదు. వెంకటరత్నంగారు కాసేపు చూసి కాలువలోకి దిగారు.

“గొట్టం పైకి తేలిందమ్మా. గాలి పీలుస్తంది” అంటూ గొట్టాన్ని లోపలికి నొక్కి, కదలకుండా రాయి పెట్టారు. నీళ్లు బుస్సుమని రాఘవమ్మ చేలో పడ్డాయి.

గట్టెక్కి వచ్చి నా మొహం చూసి, “ఆమెదీ మిరపే కదా మాస్టారూ” అన్నారు.

అక్కడి నుంచి నీళ్లు వెనకబడ్డాయి. ఆగాం, చూశాం, మళ్లీ నడిచాం, మళ్లీ ఆగాం. చివరి ఆరు కిలోమీటర్లు నేను ఎంతో పొగిడిన ఆ ఎండిన కాలువలోనే నడిచాం. అడుగు బల్లపరుపుగా ఉంది. నీడ కూడా ఉంది.

చివరి తూము దగ్గర సీతారావమ్మగారు పార పట్టుకుని నిలబడి ఉన్నారు. మూడెకరాల్లో నీళ్లు పారే బోదెలన్నీ చెక్కి, గడ్డి తీసి, నీళ్లు ఎటు మళ్లించాలో అటు మట్టి కోసి పెట్టారు. నీళ్లు రావడమే తరువాయి.

“వచ్చినయ్యా అన్నయ్యగారూ?” అని నన్నే అడిగారు. చదువుకున్నవాణ్ని కదా.

నాకు సిగ్గేసింది. బూట్ల గురించీ బొబ్బల గురించీ ఆమెకు చెప్పి నవ్విద్దామని దారంతా మాటలు కట్టుకుని వచ్చినవాణ్ని, హవాయి చెప్పున్న కాలు వెనక్కి లాక్కున్నాను. వెంకటరత్నంగారు సంచిలో నుంచి సీసా తీసి ఇచ్చారు. ఆమె దాన్ని ఎత్తి వెలుగులో చూశారు. మట్టి అడుక్కి దిగి, నీళ్లు తేటపడ్డాయి. మూత తీసి, గట్టు పక్కన మొదటి మొక్క మొదట్లో పోశారు. చివరి చుక్క దాకా దులిపారు.

ఇది జరిగి పద్నాలుగు రోజులు. నీళ్లు ఆ ఆరు కిలోమీటర్లు దాటి రాలేదు. పదకొండు అర్జీలూ నా సంచిలోనే ఉన్నాయి, సంచి మేకుకి తగిలించి ఉంది. ఇప్పుడు ఆఫీసరుగా నాకు ఏ లోటూ లేదు.

నిన్న పేపర్లో వార్త వచ్చింది, ఆయకట్టు చివరి భూముల దాకా నీరు చేరిందని అధికారులు ప్రకటించినట్టు. టీకొట్టు దగ్గర అందరూ మండిపడ్డారు. అబద్ధమన్నారు, మోసమన్నారు. నేనొక్కణ్నే ఆ ప్రకటనను సమర్థించాను. ఎందుకు సమర్థించకూడదు? జిల్లా హద్దు దగ్గర బయల్దేరిన నీళ్లు చివరి తూముకి చేరడం నేను కళ్లారా చూశాను. నియమం ప్రకారం మొదలు నుంచి చివరిదాకా కాలినడకనే వచ్చాయి. మధ్యలో ఎక్కడా బస్సు కూడా ఎక్కలేదు. మొత్తం ఒక లీటరు.

నమ్మకం లేకపోతే ఆ అధికారులే రావచ్చు. ఏ మొక్కకి నీరందిందో దగ్గరుండి చూపిస్తాను. కాకపోతే కాస్త త్వరగా రావాలి. వెంకటరత్నంగారు రేపు ఆ చేను దున్నేస్తున్నారు.