ఇబ్బందులు లేని వర్గం

పోలిక లేనిదే పరిపాలన లేదు. ఒక వర్గం బాగుందో లేదో ఆ వర్గాన్ని ఎంతసేపు చూసినా తెలియదు. పక్కన ఇంకో వర్గాన్ని నిలబెట్టి చూడాలి. అయోవా రాష్ట్రంలోని హెల్మర్ కౌంటీ ఈ మహాసత్యాన్ని గ్రహించి తులనాత్మక ఫలితాల శాఖను స్థాపించింది. ఆ శాఖకు ఒక గది, ఒక కంప్యూటరు, రెండు బల్లలు, ఒక అధికారిణి ఉన్నారు. (రెండో బల్ల మొదటిదానితో పోల్చుకోవడానికి.)

పోల్చడానికి రెండు వర్గాలు సిద్ధంగా దొరికాయి. లావోస్ వాళ్లు ఒక యుద్ధం నుంచి తప్పించుకుని మెకాంగ్ నది దాటి, శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చారు. సాల్వడార్ వాళ్లు ఇంకో యుద్ధం నుంచి, ఆ తర్వాత వచ్చిన భూకంపం నుంచి తప్పించుకుని, కొండలూ ఎడారీ దాటి వచ్చారు. ఇద్దరూ చివరికి ఒకే టర్కీ కోళ్ల కార్ఖానాలో, ఒకే వరుసలో, ఒకే రకం కత్తి పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరికీ ఒకే భుజం నొప్పి. తనను కోసేది ఏ వర్గమో టర్కీ కోడికి తెలియదు కాబట్టి, ఈ విషయంలో అది శాఖ కన్నా వెనకబడి ఉందని చెప్పాలి. కౌంటీలో వందేళ్లుగా ఉంటున్న నార్వే సంతతి వాళ్లను మాత్రం పోలికలో చేర్చలేదు. వాళ్లు కొలబద్ద. కొలబద్దను ఎవరూ కొలవరు.

ఎదువీనా మెన్‌హీవర్ ఈ సంగతులేవీ పట్టించుకునే మనిషి కాదు. వయసు యాభై నాలుగు, సొంత ఊరు సాల్వడార్‌లోని చలతెనాంగో కొండల్లో. కార్ఖానాలో రెండో షిఫ్టు. పంతొమ్మిదేళ్లు ఆమె పక్కన నిలబడి పనిచేసిన బువాఖామ్ ఇప్పుడు డెబ్బై దాటి, పని మానేసి, వీధి చివర ఇంట్లో కూతురితో ఉంటోంది. బువాఖామ్‌ది లావోస్‌లోని సవన్నఖేత్. ఆమె కిడ్నీలు రెండూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో నలభై మైళ్ల అవతల ఉన్న ఆస్పత్రికి వెళ్లి నాలుగేసి గంటలు రక్తం శుద్ధి చేయించుకోవాలి. లావో పెద్దవాళ్ల కోసం కౌంటీ నడిపే వ్యాన్ ఒకటుంది, అందులో వెళ్లి వచ్చేది. కూతురు పగటి షిఫ్టు. ఆమె వరుస వదిలి పక్కకు జరిగితే కార్ఖానా ఆగుతుందో లేదో గానీ ఉద్యోగం మాత్రం ఆగుతుంది.

ఆ ఏడు శరత్కాలంలో శాఖ అధికారిణి మార్లిస్ ట్వేటెన్ నలభై రెండు ప్రశ్నల పత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మంచి మనిషి. చీమను కూడా దాటుకుని నడిచే రకం. లావో వాళ్ల ఇళ్లకు మొదట వెళ్లింది. ఆ ఇళ్లలో అతిథికి తిండి పెట్టకుండా పంపరు. తింటున్న అతిథి ముందు తమ కష్టం చెప్పుకోరు. అది అతిథి కంచంలో మట్టి పోసినంత తప్పు. బువాఖామ్ వెదురుబుట్టలోంచి ముద్దన్నం తీసిచ్చి, చేపల పచ్చడి పక్కన పెట్టింది. మార్లిస్ తింటుండగానే ప్రశ్నలు మొదలయ్యాయి.

ఇల్లు ఎలా ఉంది? బో పెన్ యంగ్. అంటే, ఏం ఫర్వాలేదు. (పైకప్పు నుంచి కారే నీళ్లు మార్లిస్ కుర్చీ పక్కనే బకెట్లో టప్ టప్ మని పడుతున్నాయి.) ఆరోగ్యం? బో పెన్ యంగ్. వైద్యానికి ఏమైనా కష్టపడుతున్నారా? బో పెన్ యంగ్, ఇంకొంచెం అన్నం పెట్టనా? చేతికున్న కట్టు కనబడకుండా బువాఖామ్ చొక్కా చేతిని కిందికి లాక్కుంది. అరవై మూడు ఇళ్లలో అరవై మూడుసార్లు ఇదే జవాబు వచ్చింది. మార్లిస్ మూడు కిలోల బరువు పెరిగింది.

తర్వాత సాల్వడార్ వాళ్ల ఇళ్లు. "ఎలా ఉన్నారు?" అంటే వాళ్లలో పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడూ ఇచ్చే జవాబు ఒకటే: ఇదిగో, పోరాటంలో ఉన్నాం. కడుపునిండా తిని ఊయలలో పడుకున్నవాడు కూడా అదే అంటాడు. అంతా బాగుందని చెబితే దిష్టి కొనితెచ్చుకున్నట్టు. ఎదువీనా కూడా అదే చెప్పింది. ఆ రోజు ఆమె ఇంట్లో పంది మాంసం ఉడుకుతోంది, కిటికీలకు కొత్త తెరలు వేలాడుతున్నాయి, ఏ కష్టమూ లేదు. అయినా నిట్టూర్చి మరీ చెప్పింది. మార్లిస్ "పోరాటం" అని రాసుకుని, ఓదార్పుగా ఆమె చెయ్యి నొక్కింది.

లెక్కలు తేలాయి. ఇబ్బందుల సూచిక: సాల్వడార్ వర్గం వందకు వంద, లావో వర్గం సున్నా. సున్నాను కంప్యూటరు ఒప్పుకోలేదు. అందుకోసం "ఆదర్శ వర్గం" అనే కొత్త అరను తెరిచారు. అరవై మూడు ఇళ్లకూ బంగారు అంచు కాగితం మీద అభినందన వచ్చింది. సాల్వడార్ వర్గానికి రెండు వ్యాన్లు, ఒక పోరాట నివారణ సలహాదారు మంజూరయ్యారు. (సలహాదారు మనశ్శాంతి కోసం ఆడవాళ్లకు తలా ఒక మట్టిముద్ద ఇచ్చి పిసకమన్నాడు. ఆదివారం వస్తే చిక్కుడు గింజలూ జున్నూ కూరే పుపుసా రొట్టెలు తలా రెండు వందలకు పిండి పిసికే ఆడవాళ్లు ఆ ముద్దను తిప్పి తిప్పి చూసి, ఇందులో కూరేది ఏమిటని అడిగారు.)

నవంబరు రెండో సోమవారం ఎదువీనా పాలకోసం బండి తీసి వీధి మలుపు తిరిగితే, మంచులో దుప్పటి కప్పుకుని బువాఖామ్ నిలబడి ఉంది. వాళ్లిద్దరికీ తెలిసిన ఉమ్మడి భాష కార్ఖానాలో నేర్చిన ఇంగ్లీషు. వ్యాకరణం తక్కువ, చనువు ఎక్కువ.

"ఏంటక్కా, వ్యాన్ రాలేదా?"

"ఇంక రాదంట. మేం బాగున్నామంట."

"ఎవరన్నారు?"

"కాగితమొచ్చింది. గోడకి తగిలించా. బంగారు అంచుంది, చూద్దువుగాని."

"అంచు సంగతి సరే, ఆస్పత్రికెట్టా పోతావు?"

"ఫర్వాలేదులేవే. బుధవారం చూసుకుందాం."

"ఫర్వాలేదంటావేంటి! బుధవారానికి నీ కాళ్లు గుమ్మడికాయలవుతాయి. ఊపిరి ఆడదు. ఎక్కు, ఎక్కు!"

ఎక్కించుకుని వెళ్లింది. బుధవారం వెళ్లింది. శుక్రవారమూ వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ కార్ఖానాకు ఆలస్యమైంది. అక్కడ ఆలస్యానికి ఒక పాయింటు. తొమ్మిది పాయింట్లయితే ఇంటికి పంపిస్తారు. ఎదువీనాకు అప్పటికే అయిదున్నాయి, మూడు కలిశాయి. ఇంకొక్కటి పడితే ఆమె పోరాటంలో ఉన్నాననడం మొదటిసారి నిజమవుతుంది. సాల్వడార్ వర్గం వ్యాన్లు రెండూ మాత్రం చర్చి వెనకాల మంచు కప్పుకుని నిలబడి ఉన్నాయి. సాల్వడార్ వాళ్లలో పికప్ ట్రక్కు లేని ఇల్లు ఒక్కటీ లేదు మరి.

ఆదివారం రాత్రి ఎదువీనాకు నిద్ర పట్టలేదు. ఆ వందకు వందలో తను చెప్పిన పోరాటమూ ఒకటి ఉందన్న సంగతి ఆమెను పొడుస్తూనే ఉంది. అడగందే అమ్మయినా పెట్టదని మనవాళ్లంటారు. ఏడవని బిడ్డకు పాలు లేవని సాల్వడార్ వాళ్లంటారు. తను ఆకలి లేకుండా ఏడ్చింది, అక్క ఆకలితో నవ్వింది. మర్నాడు శాఖకు వెళ్లింది.

"మేడం, మా వ్యాన్లు ఖాళీగా ఉన్నాయి. బువాఖామ్ అక్కని అందులో పంపిస్తా."

మార్లిస్ ముఖం నిజంగానే బాధగా పెట్టింది. "ఆవిడ లావో వర్గం కదమ్మా. మీ వ్యాన్ ఎక్కితే పోలిక చెడిపోతుంది."

"పోలిక చెడిపోతే బాగు చేసుకోవచ్చు. మనిషి పోతే?"

"మీ మనసు నాకు తెలుసు. కానీ ఆదర్శ వర్గానికి వ్యాన్ ఇవ్వడమంటే వాళ్లని అవమానించినట్టని నిబంధన."

"అవమానం నేను మోస్తాలెండి. ఆ వ్యాన్ ఎవరెవరు ఎక్కొచ్చు, అది చెప్పండి."

మార్లిస్ నిబంధనల పుస్తకం తిప్పింది. సాల్వడార్ వర్గంవారు, వారి కుటుంబ సభ్యులు. కుటుంబ సభ్యులనగా ఒకే వంటింట్లో వారానికి నాలుగుసార్లకు తగ్గకుండా భోజనం చేయువారు. వంటిల్లు ఎవరిదైతే వర్గం వారిదే. శాఖ స్వయంగా వచ్చి చూసి ధ్రువీకరించవలెను.

"ఇంకేం, రండి. గురువారం మధ్యాహ్నం వచ్చి చూసుకోండి," అంది ఎదువీనా.

తిండి దగ్గర చిక్కొచ్చింది. కిడ్నీలు పోయినవాళ్లు చిక్కుడు గింజలు తినకూడదు, జున్ను తినకూడదు. అవి రెండూ తీసేస్తే పుపుసాలో గాలి తప్ప ఏమీ మిగలదు. ఎదువీనా ఆలోచించి మొక్కజొన్న పిండికి బదులు బియ్యప్పిండితో చేసింది. వాళ్ల దేశంలో ఒకానొక ఊళ్లో అలాగే చేస్తారు. లోపల కొంచెం గుమ్మడి తురుము పెట్టింది.

బువాఖామ్ తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "ఇది మా బియ్యమే. మీరు పట్టుకుని చేత్తో తట్టారు, అంతే."

"తిను, తిని సాల్వడార్ మనిషివైపో. మేడం వచ్చి ఎలా ఉన్నావని అడిగితే ఏమంటావు?"

"పోరాటంలో ఉన్నాం."

"అట్టా నవ్వుతూ కాదక్కా! కాస్త నిట్టూర్చు."

"మీరు ఇంత కష్టపడతారా రోజూ?" అంది బువాఖామ్ జాలిగా.

నాలుగు రోజులు సాధన జరిగింది. ఆ సోమ, బుధవారాల్లో ఎదువీనా తనకు మిగిలిన రెండు సెలవులూ పెట్టి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లింది. గురువారం మార్లిస్ వచ్చింది. ఇల్లు ఎవరిదైనా అతిథి అతిథే కనుక, బువాఖామ్ లేచి తన కంచంలోని రొట్టె ఆమె కంచంలో పెట్టింది. మార్లిస్ చివరి ముక్క నములుతూనే కలం తీసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఎలా ఉన్నారమ్మా?"

"బో పెన్ యంగ్," అంది బువాఖామ్.

మార్లిస్ కలం కాగితం మీద ఆగింది. నాలుగు రోజుల సాధన, ఆరు డజన్ల పుపుసాలు, అన్నీ మూడు ముక్కల్లో కొట్టుకుపోయాయి. డెబ్బై ఏళ్లుగా నాలుకకు పట్టిన మర్యాద నాలుగు రోజుల్లో వదులుతుందా?

"అక్కా," అంది ఎదువీనా. "ఆవిడ తినడం ఆపేసింది చూడు. తినేటప్పుడు కాదు, ఇప్పుడు చెప్పు. నీకు దండం పెడతా."

బువాఖామ్ మార్లిస్ కంచం వైపు చూసింది. నిజంగానే ఖాళీ అయింది. చొక్కా చేతిని మెల్లగా పైకి మడిచింది. మోచేతి దగ్గర ఆస్పత్రి సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి ఉంది.

"నా కిడ్నీలు పనిచెయ్యవు," అంది నేల చూస్తూ. "వ్యాన్ లేకపోతే నీళ్లు ఒంట్లో నిలబడిపోతాయి. పడుకుంటే మునిగిపోతున్నట్టుంటుంది. నది దాటినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలా. నా వల్ల దీని ఉద్యోగం పోతదేమోనని అదొక భయం. ఇల్లు కారతంది." అంతా చెప్పేసి, చేయరాని పని చేసినట్టు ముఖం కప్పుకుంది. వెంటనే చేతులు తీసి, మార్లిస్ కంచంలో ఇంకో రొట్టె పెట్టింది.

మార్లిస్ కళ్లు తుడుచుకుంది. అయినా అధికారిణి అధికారిణే. పత్రం మీద వంగి చాలాసేపు రాసింది. ఆ వాక్యం ఇది: "లావో వర్గానికి ఇబ్బందులు లేవని శాఖ ఇదివరకే నిర్ధారించినందున, ఇన్ని ఇబ్బందులున్న ఈమె లావో వర్గానికి చెందిన వ్యక్తి అయ్యే అవకాశం లేదు. సాల్వడార్ వర్గంగా ధ్రువీకరించడమైనది."

శుక్రవారం పొద్దున వ్యాన్ బువాఖామ్ గుమ్మం ముందు ఆగింది. ఎదువీనా ఆ రోజు కార్ఖానాకు పది నిమిషాలు ముందే వెళ్లి, ఊరికే నిలబడి, అందరినీ చూసి నవ్వింది.

మంచిమాట గడప దాటదు గానీ ఉపాయం ఊరు దాటుతుంది. రెండో వారానికి పక్షవాతం వచ్చిన ఖామ్‌సింగ్ ముసలాయన ఎదువీనా వదినగారి వంటింట్లో భోజనానికి కూర్చున్నాడు. మూడోవారం చక్కెర జబ్బు ఉన్న అక్కచెల్లెళ్లిద్దరు. వసంతం వచ్చేసరికి లావో వర్గంలో జబ్బు చేసినవాళ్లు, ముసలివాళ్లు, ఇల్లు కారేవాళ్లు అందరూ సాల్వడార్ వాళ్లయిపోయారు. వ్యాన్లలో చేపల పచ్చడి వాసన పట్టుకుంది. నడిపే ఎవెలియో మొదట ముక్కు మూసుకున్నాడు, తర్వాత పచ్చి బొప్పాయి ముక్కల్లో కలుపుకుని తినడం నేర్చాడు. కొత్త సాల్వడార్ వాళ్లు ఒకరినొకరు చూసుకుని "పోరాటం ఎలా ఉంది?" అని పలకరించుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

జూన్‌లో శాఖ వార్షిక నివేదిక వెలువడింది. బుధవారం వ్యాన్‌లో బువాఖామ్ పక్కన కూర్చుని ఎదువీనా దాన్ని చదివి వినిపించింది. (ఆ రోజు ఆమెకు సెలవు.) సాల్వడార్ వర్గంలో కిడ్నీ జబ్బులు, పక్షవాతం, కారే పైకప్పులు ఒక్క ఏడాదిలో ఆందోళనకరంగా పెరిగాయి. కారణం ఆహారపు అలవాట్లు కావచ్చు. సగటు వయసు ఆరేళ్లు పెరగడానికి కారణం తెలియలేదు. లావో వర్గంలో మాత్రం జబ్బు మనిషన్నవాడే కనబడలేదు. సాల్వడార్ వారు తమ ఇరుగుపొరుగు లావో వారిని చూసి జీవించడం నేర్చుకోవాలి.

"బాగా రాశారే," అంది బువాఖామ్ సీరియస్‌గా. "మీరు కాస్త ఒళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి."

నివేదిక చివరి పేజీలో అడుగున ఇంకో తీర్మానం ఉంది. వచ్చే ఏడాది నుంచి లావో వర్గాన్ని ఏ ప్రశ్నా అడగనక్కర్లేదు; బాగున్నవాళ్లను ఎలా ఉన్నారని అడిగి ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు.