మండపీతలో పర్మినెంటు పోస్టు

నూకరత్నం కూతురు గంగాభవానికి మడ అడవిలోని ఒక మండపీత నరాల్లో డోపమిన్ గ్రాహకంగా ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు ప్రొబేషన్. క్వార్టర్సు లేవు, నరకణం గుమ్మం దగ్గరే కూర్చోవాలి.

పని తేలికే. డోపమిన్ అనే రసాయనం వచ్చి తలుపు తట్టగానే లోపలికి కబురు పంపాలి. వచ్చేది ఒకే డోపమిన్ అయినా, మొదటి రకం గ్రాహకాలు ‘కదులు’ అనీ, రెండో రకం ‘ఆగు’ అనీ పంపుతాయి. భవానిని రెండో రకంలో వేశారు. మెట్టు దిగినా, బస్సెక్కినా ‘ఆగవే’ అని అరిచే తల్లి దగ్గర పెరిగిన పిల్ల కాబట్టి ఇంటర్వ్యూలో ఆమెకే ఎక్కువ మార్కులు పడ్డాయి.

నూకరత్నానికి మాత్రం గుండె కుదురుగా లేదు. ఆ ఉప్పునీటికి పిల్లకి రొంప పడితే? పీత పెంకు వదిలే రోజుల్లో సెలవిస్తారో లేదో?

ఆరో నెలలో పీతకు ఒక బుట్టవల ఎదురైంది. లోపల చేప తలకాయ. వాసన తగిలింది, డోపమిన్ వచ్చింది. మొదటి రకం వాళ్ళంతా ‘కదులు’ అన్నారు. భవాని గట్టిగా ‘ఆగు’ అంది. పీత ఆగిపోయింది. మర్నాడు సూపర్నెంటు పేరయ్య మెమో ఇచ్చాడు: పురోగతికి అడ్డు తగిలినందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో మూడు రోజుల్లో చెప్పాలి.

మెమో సంగతి తెలిసి ఆదివారం నూకరత్నం క్యారేజీ పట్టుకొచ్చి పీత బొరియ దగ్గర గొంతుక్కూర్చుంది.

“నా పనే ఆపడం కదమ్మా. అది ఎర అని తెలుస్తానే ఉంది” అంది లోపలి నుంచి భవాని.

“తెలిస్తే మటుకు నీకెందుకే? పేరయ్యగారికి తెలీదా? నలుగురూ ఏమంటే అదే అను.”

“అలా అంటే నేను రెండో రకం ఎలా అవుతాను?”

“పర్మినెంటయ్యాక అవుదువుగానిలే. నీ మూలంగా వాళ్ళ ఇంక్రిమెంట్లు పోతే ఊరుకుంటారా? ఏ నీళ్ళలోనో తోసేస్తారు.”

“నీళ్ళలోనే ఉన్నాం గదమ్మా.”

“ఎదురు చెప్పకే!”

సోమవారం మళ్ళీ అదే వాసన. డోపమిన్ తలుపు తట్టింది. భవాని ‘కదులు’ అంది. పీత హుందాగా బుట్టవలలోకి నడిచింది.

మధ్యాహ్నానికే పర్మినెంటు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి పీతను గట్టుకు తెచ్చి, కాళ్ళూ డెక్కలూ తాడుతో కట్టి, తడి గోనె కింద మిగతా పీతల పక్కన పేర్చారు. నూకరత్నం వీధిలో ఇంటింటికీ లడ్డూలు పంచింది. పిల్లకి ఇక బదిలీల భయం కూడా లేదనీ, ఉన్నచోటి నుంచి కదలక్కర్లేదనీ చెప్పింది. విన్న తల్లులంతా దరఖాస్తు ఎక్కడివ్వాలో అడిగి రాసుకున్నారు.