సిరోంచ మండలికి ఐదవ సభ్యురాలు

ప్రాణహిత పరుగుపరుగున వచ్చి గోదావరిని కౌగిలించు పావనసంగమతీరమున, సిరోంచ పట్టణమున, పందొమ్మిది వందల ఎనభై ఆరవ ఏటి వైశాఖమున, మధ్యాహ్న మార్తాండుడు బడి రేకులను పెనమువలె కాల్చుచుండగా, మానవశాస్త్రాల చరిత్ర అధ్యయన మండలి తొలి సమావేశమునకు సన్నద్ధమాయెను. మనుషులను కొలిచి, తెగలుగా విడదీసి, గ్రంథముల కెక్కించిన పండితులు అసలేమి చేసిరో శోధించుటయే దాని వ్రతము. సభానాయకుడు చరిత్రోపాధ్యాయుడు, ఖద్దరులాల్చీకవచధారి, అకుంఠితోపన్యాసకుడు కిషన్‌రావు.

ఐదు సంతకములున్ననే నాగపురమందలి పెద్దసంఘము గుర్తింపునిచ్చును. నాలుగు గంటల టపా బస్సుకు ఆ సంతకముల పుస్తకము పోవలెను. వచ్చినవారో, నలుగురే! అంకిస నుండి రావలసిన కొండన్నకు బస్సు దొరకలేదు.

సేనాపతి కిషన్‌రావు ముఖము వాడెను. అంతట గ్రంథాలయాధికారి పోశయ్య వరండా వైపు చూపి, "సారు, గా తునికిపండ్లమ్మే జంగుబాయి తలకాయ ఎనుకట ఎవరో కొలిచిండట. ఆమెనడుగు" అనెను.

కిషన్‌రావు ఉరికి చేతులు జోడించి, "ఓ అరణ్యసీమాలంకారమా! విజ్ఞానరణరంగమున మాకు పంచమరథివై నిలువుము!" అని గర్జించెను.

పాతగూడెపు వృద్ధురాలు గంప దగ్గరకు లాగుకొని, "తలకాయ కొలుస్తవా ఏంది? నా చిన్నప్పుడొకాయన ఇనుప పట్కారు తెచ్చి చెవుల కాడ నొక్కిండు. పిడికెడు ఉప్పిచ్చి పోయిండు. ఏం రాసుకున్నడో చెప్పనే లేదు" అనెను.

ఉపన్యాసకుని గంభీరస్వరము దిగజారెను. "గది ఎతికేదే మా పని, అవ్వా. జర మాతోటి కూసో."

"కూసుంట. మొదల నీ తలకాయ కొలుస్త."

గంపకు చుట్టిన తాడు నాగపాశమై లేచెను! వీరుడు వెనుకంజ వేసెను; మిత్రత్రయము భుజములు పట్టి నిలిపెను. జంగుబాయి ముమ్మారు చుట్టి, ముమ్మారు విప్పి, తీర్పు చెప్పెను: "ఎడమదిక్కు సొట్ట ఉన్నది. రాసుకో."

"వద్దు, పోశన్నా! గది రాయకు!" అని కిషన్‌రావు అరచెను.

"నాది రాసినప్పుడు నన్నెవరడిగిన్రు?"

కిషన్‌రావు తల వంచి, "రాయి, పోశన్నా. ఉన్నదున్నట్టు రాయి" అనెను.

అప్పుడామె సిరాలో బొటనవ్రేలు ముంచి ఐదవ గడిలో దృఢముగా నొక్కెను. పోశయ్య ప్రక్కన పేరు వ్రాసెను.

"ఏం రాసినవో చదువు."

"జంగుబాయి. పాతగూడెం. సభ్యురాలు."

"మల్ల చదువు."

అతడు మరల చదివెను. ఆమె మరల చదువుమనెను. మూడవసారి నలుగురును లేచి నిలువబడి చదివిరి.

ఇట్లు, దిగంతములారా వినుడు, రక్తబిందువైనను చిందకయే, బస్సు హారను మ్రోగుటకు రెండు నిమిషములు ముందుగా, గీతల పుస్తకమున అంగుళమాత్రవిస్తీర్ణమైన ఐదవ గడి జయింపబడెను!