గ్యారేజీ ముందు టెంటు

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెడుతూ త్రిమూర్తులు గారు ఒక ప్రకటన చేశారు.

"ఇవాళ గ్యారేజీ సర్దేస్తాను."

నాచారంలోని ఆ వీధికి ఈ మాట కొత్తేమీ కాదు. ఇంజనీరుగా రిటైరై సొంతూరు కాకినాడ వెళ్లకుండా ఇక్కడే స్థిరపడిన దగ్గర్నుంచీ ఆయన ప్రతి ఆదివారం ఇలాగే అంటున్నారు. ఈసారి మాత్రం తప్పేట్టు లేదు. ముందురోజు వీధిలోకొచ్చిన నీళ్ల ట్యాంకరు బయట నిలిపిన వాళ్ల కారు పక్క అద్దాన్ని విరగ్గొట్టి పోయింది. కారు కోసం కట్టించిన గ్యారేజీలో కారు తప్ప సమస్తం ఉంది. అందులో ముప్పాతిక వంతు వీధిలోవాళ్లు బాగుచేయమని ఇచ్చినవే. మిక్సీ పాడైనా, ఫ్యాను తిరగకపోయినా "త్రిమూర్తులు సారుకియ్యి" అనడం అక్కడి ఆనవాయితీ. ఆయన పైసా తీసుకోరు. అందుకే ఎప్పుడిస్తారని అడగడానికి ఎవరికీ నోరు రాదు.

"సాయంత్రానికి కారు లోపలుండాలి," అంది ఆయన భార్య కామాక్షి. "లేదంటే మీ పనిబల్లతో సహా అంతా పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను. ఇదే ఆఖరి మాట."

ఆ బల్ల ఆయన స్వయంగా టేకు చెక్కతో చేసుకున్నది. రిటైరయ్యాక ఆయనకు ఆఫీసంటూ మిగిలింది అదొక్కటే. అది పోతే రోజంతా హాల్లో కూర్చుని చిక్కుళ్లు ఒలవడమే గతి.

కామాక్షి కారు తీసుకుని హబ్సిగూడలోని అక్క తారామణి ఇంటికి వెళ్లింది. వచ్చేటప్పుడు దోసెల పిండి ప్యాకెట్ తెస్తానంది. ఆ ఇంట్లో చాలాకాలంగా దోసెలంటే ప్యాకెట్ పిండివే.

త్రిమూర్తులు గారు నడుం బిగించారు. సర్దడానికి ఆయనకో సూత్రం ఉంది: ముందు అన్నీ బయటపెట్టాలి, తర్వాత ఒక జాతివి ఒకచోట చేర్చాలి. మిక్సీలు ఒక వరస, ఫ్యాన్లు ఒక వరస, ఇస్త్రీ పెట్టెలు, ఒక గ్రైండరు, అన్నీ గేటు ముందుకు చేరాయి. మూలనుంచి ఆయన పదవీ విరమణ నాటి పెద్ద ఫోటో బయటపడింది. కాసేపటికి ఆ సభలోనే మెడలో వేసిన గంధపు దండ దొరికింది. రెండూ ఒకే సందర్భానివి కాబట్టి, సూత్రప్రకారం ఫోటోను స్టూలు మీద నిలబెట్టి దండ దానికే తగిలించారు. పని చకచకా సాగుతుంటే ఆయనకు ఈల వేయాలనిపించింది.

ఎండ ముదిరింది. ప్లాస్టిక్ సామాను కరిగిపోతుందేమోనని వీధి చివరి టెంట్ హౌస్ సురేష్‌ని కాస్త నీడ వేయమన్నారు. సురేష్ పావుగంటలో తెల్ల టెంటు కట్టేసి కుర్చీలు కూడా దింపాడు.

"కుర్చీలెందుకయ్యా?"

"కుర్చీలు లేకుంట టెంటేంది సార్? ఉండనియ్యుండ్రి."

గోడకు కొట్టే కొక్కేలు తెద్దామని త్రిమూర్తులు గారు ఫోన్ బల్లమీదే మరిచి ఆటోలో ఉప్పల్ వెళ్లారు.

ఆయన అటు వెళ్లగానే ఎదురింటి కౌసల్యమ్మ బట్టలారేయడానికి బాల్కనీలోకి వచ్చింది. తెల్ల టెంటు, కుర్చీలు, దండ వేసిన ఫోటో చూసింది. తడిచీర జారి కింద పడింది. వెంటనే కామాక్షికి ఫోన్ చేసింది.

"వదినా, జర ధైర్యంగుండు. గిట్లయితదని ఎవ్వలనుకున్నరు!"

వీధంతా సామాను పరిచారని ఈవిడ నొచ్చుకుంటోంది కాబోలనుకుంది కామాక్షి. "నాకేం బెంగ లేదండీ. ఇన్నేళ్లు ఓపిక పట్టాను. ఇవాళ్టితో పీడ విరగడైపోతుంది."

"నువ్వెక్కడున్నవ్?"

"అక్క ఇంట్లో. మామిడికాయ పప్పు చేసింది, భోంచేసి నిదానంగా వస్తా."

కౌసల్యమ్మ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది: "మన త్రిమూర్తులు సారు ఇగ లేరు. పాపం, వదినెకు షాక్‌తోని మతి చలించింది."

అరగంటలో కుర్చీలు నిండిపోయాయి. కిరాణా కొట్టు హన్మయ్య బంతిపూల దండ తెచ్చి ఫోటోకి వేసి, ముందు వరసలో కూలబడ్డాడు.

"మస్తు మంచి మనిషి. ఏదిచ్చినా వద్దనలే," అని కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కళ్లకు ఎదురుగా మిక్సీల వరస కనిపించింది. "అక్కా, గా మూడోది నా మిక్సీనే. ఇప్పుడడుగుతే బాగుంటదా?"

"ఛీ! దినాలయ్యేదాకా ఆగరాదూ," అంది కౌసల్యమ్మ, తన టేబుల్ ఫ్యాను మీదనుంచి చూపు తిప్పకుండా.

అప్పుడే త్రిమూర్తులు గారు ఆటో దిగారు. జనం మధ్యన ఫోటో ఆయనకు కనబడలేదు. తన టెంటు కింద అందరూ కళ్లు తుడుచుకోవడం చూసి, వీధిలో ఎవరో పోయారనుకున్నారు. చావు దగ్గర పాటించాల్సిన మర్యాద మాత్రం తెలుసు. చెప్పులు విడిచి, తల వంచుకుని వెళ్లి హన్మయ్య వెనక నిలబడ్డారు.

"ఎవరండీ పోయింది?" గొంతు తగ్గించి అడిగారు.

"ఇంకెవ్వలు, మన త్రిమూర్తులు సారు," అన్నాడు హన్మయ్య తల తిప్పకుండానే.

"అయ్యయ్యో! పొద్దున కూడా బాగానే ఉన్నారే!" అనేశాక ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎవరూ? నేనా?"

హన్మయ్య వెనక్కి తిరిగి చూసి, కుర్చీతో సహా పడిపోయాడు. ఒక్కసారిగా కేకలు! కౌసల్యమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఎవరో చప్పట్లు కొట్టారు. సురేష్ అందరికీ చాయ్ తెప్పించాడు. తన మీద వీధికి ఇంత ప్రేముందా అని త్రిమూర్తులు గారి కళ్లు చెమ్మగిల్లాయి.

చాయ్ తాగాక హన్మయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. "సార్, మిక్సీ తీస్కపోనా?"

"ఇంకా బాగవలేదయ్యా!"

"ఫికర్ లేదు సార్. మీకేమన్నయితే ఎవల్నడగాల్నో ఇందాక సమజ్ కాలే."

ఇక అందరికీ నోళ్లు పెగిలాయి. "ఆగండమ్మా, దానికి మోటారు చూడాలి," అని ఆయన మొత్తుకుంటున్నా ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు ఎవరిళ్లకు వాళ్లవి వెళ్లిపోయాయి.

సరిగ్గా అప్పుడు కామాక్షి కారు మలుపు తిరిగింది. టెంటు చూసింది, రెండు దండల ఫోటో చూసింది. కారు వీధి మధ్యలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. గ్యారేజీలోంచి చీపురుతో బయటికొచ్చిన మొగుడి చెయ్యి పట్టుకుని, వీధంతా చూస్తుండగా భోరుమంది.

"ఏమయ్యారో అని ప్రాణం పోయిందండీ! కారు బయటే ఉండనివ్వండి, బల్లా ఉండనివ్వండి, మీరుంటే చాలు!"

కానీ కారు లోపలికి సులువుగా పట్టేసింది. గ్యారేజీలో ఇప్పుడు పనిబల్ల, దాని మీద గ్రైండరు తప్ప ఏమీ లేవు. త్రిమూర్తులు గారు గెలిచారు.

"ఇదొక్కటే మిగిలింది కామాక్షీ," అన్నారాయన గ్రైండరు వంక జాలిగా చూస్తూ. "ఎవరిదో, రానేలేదు."

కామాక్షి కళ్లు తుడుచుకుంది. "నాదే. ఇచ్చి మూడేళ్లయింది."

త్రిమూర్తులు గారు గొంతు సవరించుకున్నారు. "వచ్చే ఆదివారం చూసేస్తాను."

కామాక్షి పిండి ప్యాకెట్ కత్తిరించడానికి కత్తెర తెచ్చుకుంది.