డాబా మీద పాడిన పాట

ఒక్క పాట వల్ల ఆ పెళ్ళి జరిగిందని వీధి వీధంతా నమ్ముతుంది. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడొకడు ఒక సాయంత్రం తన డాబా మీద నిలబడి గొంతెత్తి పాడాడట. ఎదురింటి డాబా మీద నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆ పాట మొదలు నుంచి చివరిదాకా కదలకుండా ఉండిపోయిందట. తరువాత మెట్లు దిగి వెళ్ళి, "చేసుకుంటే ఆ అబ్బాయినే చేసుకుంటాను" అని వాళ్ళమ్మతో చెప్పిందట. మూడేళ్ళకు అతనికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళి అయింది, ఆ పెళ్ళికి ఇప్పుడు నలభై ఏళ్ళు నిండబోతున్నాయి.

ఆ కుర్రవాడు తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఆరేళ్ళు తనిఖీ అధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. వీధిలో అందరూ అతన్ని తక్కెడ మామయ్య అంటారు. దొంగ తూకపురాళ్ళను అరచేతిలో ఆడించి పట్టేసేవాడని శాఖలో పేరు. "అందరూ అంటున్నారండీ" అని ఎవరైనా అంటే, "అందరూ అంటే ఎంతమంది? లెక్కపెట్టావా?" అని అడిగే రకం. ఋజువు లేనిదే వాన కురుస్తోందన్నా ఒప్పుకోడు; కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూస్తాడు.

అటువంటి మనిషి ఋజువు అడగకుండా నమ్మిన కథ ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది పైన చెప్పిన కథ.

చిక్కు అతని కూతురు తెచ్చింది.

"నాన్నా, పెళ్ళిరోజున నువ్వు ఆ పాటే పాడాలి. అమ్మను ఎదురుగా కుర్చీలో కూర్చోబెడతాం. నలభై మంది వస్తున్నారు."

"ఏ పాట?"

"ఏ పాటేంటి నాన్నా! ఆ పాటే!"

"ఆఁ, ఆ పాటే కదా. అదెంత పని," అన్నాడు తక్కెడ మామయ్య. ఫోను పెట్టేసి మంచం మీద కూలబడ్డాడు.

ఆ పాట ఏదో అతనికి గుర్తు లేదు. ఈ సంగతి భార్యకు తెలిస్తే నలభై ఏళ్ళ పరువు నాలుగు నిమిషాల్లో పోతుంది. పరువు సంగతి అటుంచినా, తన జీవితాన్నే అప్పగించిన పాటను మొగుడు మరిచిపోయాడని తెలిస్తే ఆవిడ మనసు ఎంత నొచ్చుకుంటుంది! ఆ రెండో ఆలోచన అతన్ని నిజంగానే భయపెట్టింది.

ఆవిడ వంటింటి పక్క గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ బట్టలు కుట్టిన చేయి అది. మెడలో కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది.

"ఏమోయ్, ఆ రోజు నేను పాడిన పాటలో నీకు ఏ చరణం నచ్చింది?"

"అన్నీ బాగానే ఉన్నాయి."

"పల్లవి?"

"అదీ బాగానే ఉంది."

"మొదటి మాట ఎంత బాగుంటుందో కదా?"

"కాస్త లేస్తారా? కత్తెర మీ కింద ఉంది."

లేచి బావమరిదికి ఫోను చేశాడు. వీధిలో ఆ కథను ప్రచారం చేసిన మహానుభావుడు ఆయనే. ఆయన రహస్యం చెబితే రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది కనుక బంధువులంతా మైకు అని పిలుస్తారు.

"అదే బావా, ఆ పాటే! అబ్బ, ఏం పాట!" అన్నాడు మైకు.

"ఏది?"

"నన్నడుగుతావేంటి? పాడింది నువ్వు!"

నలభై ఏళ్ళుగా వెయ్యిమందికి చెప్పినవాడు ఆ పాటను వినలేదన్నమాట. వేరెవరైనా ఇలా దొరికితే తక్కెడ మామయ్య అక్కడికక్కడే కేసు రాసేవాడు. ఇప్పుడు మాత్రం ఫోను పెట్టేశాడు.

ఇక మిగిలింది శాస్త్రం. పంతొమ్మిదేళ్ళ వయసుకు తనకు వచ్చిన పాటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాడు. ముప్పై ఒకటి తేలాయి. రాస్తుంటే ఒక్కొక్క పాటా ఒక్కొక్క వాసనతో వచ్చింది. నాలుగేళ్ళప్పుడు అమ్మ తలంటుతూ పాడిన పాట: చివరి పాదం దగ్గరికి వచ్చేసరికి చెంబుడు నీళ్ళు నెత్తిన పడేవి కనుక ఆ పాదం ఏమిటో ఈనాటికీ తెలియదు. బడిలో మూడువందల మంది మూడువందల వరసల్లో పాడిన ప్రార్థన. తొమ్మిదేళ్ళప్పుడు రేడియోలో రోజుకు ఆరుసార్లు వచ్చిన దగ్గుమందు ప్రకటన. పదిహేనేళ్ళప్పుడు క్షౌరశాల రేడియోలో విన్న విరహగీతం: దాని రెండో చరణం నేర్చుకోవడానికి ఒకే వారంలో రెండుసార్లు జుట్టు కత్తిరించుకున్నాడు, మూడోసారి వెళితే, "ఇక తలే మిగిలింది బాబూ" అన్నాడు మంగలి. పదిహేడేళ్ళప్పటి ఈల పాట: ఆ సంవత్సరం ముందరి పన్ను విరిగింది, ఈల దానంతట అదే వచ్చింది.

ఈ ముప్పై ఒకటిలో ఏదో ఒకటి ఆవిడ గుండెను తాకింది. గుండెను తాకినది రక్తపోటులో కనపడాలి. ఇంట్లో రక్తపోటు మిషను ఉంది. ఇంతకంటే నిర్దోషమైన తర్కం మరొకటి ఉండదని అతనికి తోచింది.

మరునాడు పొద్దున ఆవిడ చేతికి పట్టీ చుట్టాడు.

"ఏంటండీ ఇది?"

"నీ రక్తపోటు చూద్దామని."

"నాకేమైంది?"

"ఏమీ కాకుండా చూద్దామని."

"నా చెప్పుల సైజు కూడా తెలియని మనిషికి నా రక్తపోటు కావాల్సి వచ్చిందా!"

"మాట్లాడకు. మాట్లాడితే అంకె పెరుగుతుంది."

"అయితే మీ పక్కన నలభై ఏళ్ళుగా నాకు అంకె పెరగనే లేదు. మీరెప్పుడు మాట్లాడనిచ్చారు?"

మొదట వార్తలు వినిపించి మామూలు అంకె రాసుకున్నాడు. తరువాత పాటలు. ఫోనులో దొరికినవి ఫోనులో పెట్టాడు. దొరకనివి తనే కూనిరాగం తీశాడు. అమ్మ పాటకు మార్పు లేదు. ప్రార్థనకు రెండు అంకెలు తగ్గింది. విరహగీతానికి ఆవిడ ఆవలించింది.

మూడో రోజు పదిహేనో పాట వచ్చింది. అది దగ్గుమందు ప్రకటన. ఫోనులో లేదు కనుక తనే మిషను మీద కన్ను వేసి పాడాడు:

"గొంతులో గరగరా? గుండెలో బరబరా? రెండు చెంచాలు తాగరా, లేచి బడికి సాగరా!"

అంకె ముప్పై పెరిగింది.

తక్కెడ మామయ్య కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తనిఖీ అధికారి ఒక్కసారి చూసి నమ్మడు. సాయంత్రం మళ్ళీ పాడాడు: ముప్పై రెండు పెరిగింది. మరునాడు, ఏమీ తెలియనట్టు, ఈల పాట మధ్యలో దూర్చి పాడాడు: మళ్ళీ ముప్పై.

"దగ్గుమందు పాటకా?" అని అతని మనసు ఎదురు తిరిగింది. కాని తనకు నచ్చని అంకెను కొట్టేసేవాడు తూనికల శాఖకు తగడు. పైగా ఆలోచిస్తే అర్థం కనబడింది. ప్రేమగీతాలు ఎవడైనా పాడతాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో డాబా మీద నిలబడి నిర్భయంగా దగ్గుమందు పాట పాడేవాడిలో ఒక నిజాయితీ ఉంటుంది. ఆవిడ చూసింది ఆ నిజాయితీనే!

ఈలోగా కూతురు వచ్చింది. బల్ల మీద నోట్‌బుక్ తెరిచి ఉంది. పాటల పేర్లు అతను సంకేతాల్లో రాసుకున్నాడు కనుక ఆ పిల్లకు అంకెలు మాత్రమే అర్థమయ్యాయి.

"నాన్నా! అమ్మ రక్తపోటు ఇలా ఎగిరెగిరి పడుతుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావా? రోజుకు తొమ్మిదిసార్లు చూసి కూడా ఎవరికీ చెప్పలేదా?"

"రాసిపెడుతున్నాను కదా" అని దాటేశాడు. పది నిమిషాల్లో కింది వాటాలోని డాక్టరమ్మ వచ్చింది. అంకెలు చూసి పెదవి విరిచింది.

"వేళాపాళా లేకుండా పెరుగుతోంది. ఉప్పు పూర్తిగా మానేయండమ్మా."

"అలాగేనండీ. ఒక ఇంట్లో రెండు వంటలు ఎక్కడ చేస్తాను? ఆయనా మానేస్తారు," అంది ఆవిడ వినయంగా.

ఆ తరువాత పదకొండు రోజులు తక్కెడ మామయ్య ఉప్పులేని కూరలు తిన్నాడు. ప్రతి ముద్దా ఉడికించిన కాగితంలా ఉంది. ఆవిడ మాత్రం వద్దనకుండా కడుపునిండా తినేది. "ఎంత ఓర్పు!" అనుకుని అతను కళ్ళు తుడుచుకునేవాడు. ఆ ఓర్పుకు తగిన బహుమతి ఇవ్వాలని స్నానాల గదిలో తలుపు వేసుకుని దగ్గుమందు పాటను సాధన చేసేవాడు.

పెళ్ళిరోజు వచ్చింది. హాలులో నలభై మంది. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మైకు లేచి, మైకు అక్కర్లేకుండానే, కథంతా మరోసారి వినిపించాడు. పక్క వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. కూతురు దీపాలు తగ్గించింది.

తక్కెడ మామయ్య గొంతు సవరించుకున్నాడు. భార్య కళ్ళలోకి సూటిగా చూశాడు. కుడిచేయి గుండె మీద పెట్టుకుని, ఉన్న అనురాగమంతా పోసి, ఎత్తుకున్నాడు.

"గొంతులో గరగరా..."

హాలంతా ఊపిరి బిగబట్టింది.

"గుండెలో బరబరా..."

డాక్టరమ్మ లేచి నిలబడింది. నిజంగానే గుండెనొప్పేమోనని ఆవిడ అనుమానం. "రెండు చెంచాలు తాగరా" దగ్గర ముందు వరసలోని పిల్ల ఒకతె కిసుక్కుమంది. ఆ తరువాత కట్ట తెగింది. నలభై మంది పొట్టలు పట్టుకుని నవ్వారు. భార్య నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోబోతే కూతురు పట్టుకుంది.

తక్కెడ మామయ్య చేయి ఇంకా గుండె మీదే ఉంది. "ఇది కాదా?" అన్నాడు చిన్నగా.

ఆవిడ కళ్ళు తుడుచుకుని వచ్చి పక్కన నిలబడింది.

"మీకు ఆ పాట గుర్తు లేదని మీరు చరణం అడిగిన రోజే తెలిసింది. పట్టీ చుట్టిన రోజు నోట్‌బుక్ చూశాను. మీ సంకేతాలు విప్పడానికి పాలు పొంగేంతసేపు కూడా పట్టలేదు."

"మరి ఆ ముప్పై అంకెలు?"

"బల్ల కింద రెండో చెయ్యి పిడికిలి గట్టిగా బిగించేదాన్ని. కొలత తీస్తుంటే పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళను ఇన్నేళ్ళు చూశానండీ. కొలుస్తున్నారని తెలిస్తే ఎవరూ మామూలుగా ఉండరు. ఆ మాత్రం తెలియకుండా ఎలా తనిఖీలు చేశారు?"

"తూకపురాళ్ళు పిడికిలి బిగించవే!" అన్నాడు తక్కెడ మామయ్య దీనంగా.

"అయితే అమ్మా, నువ్వు ఉప్పు తినలేదు కదా?" అంది కూతురు.

"మీ నాన్న తినలేదు. నా కుట్టుమిషను సొరుగులో చిన్న డబ్బా ఉంది."

మళ్ళీ నవ్వులు. అవి తగ్గేదాకా ఆగి, తక్కెడ మామయ్య చేతులు కట్టుకుని, ఓడిన మనిషి అడగగలిగిన ఒకే ప్రశ్న అడిగాడు.

"ఒప్పుకున్నాను. మరిచిపోయాను. నువ్వే చెప్పు, ఆ రోజు నేను పాడింది ఏ పాట?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలియకపోవడమేంటి! చివరిదాకా కదలకుండా నిలబడ్డావు కదా!"

"నిలబడ్డాను. మీరు చేతులు తిప్పుతూ పాడుతున్నారు. ఇంతలో గాలి దుమారం వచ్చి పక్కింటి ముసలావిడ ఆరేసిన బట్టలన్నీ మీ డాబా మీదికి కొట్టుకొచ్చాయి. మీరు నోరు ఆడిస్తూనే ఒక్కొక్కటీ ఏరి, దులిపి, చొక్కాలు చొక్కాల పక్కన, దుప్పట్లు దుప్పట్ల పక్కన మడతపెట్టి, అంచులు సరిగా కలిశాయో లేదో వంగి చూసి మరీ ఇచ్చివచ్చారు. ఎవరూ చూడటంలేదనుకుని అంత శ్రద్ధగా పనిచేసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అందుకని మెట్లు దిగి అమ్మతో చెప్పాను."

తక్కెడ మామయ్య కట్టుకున్న చేతులు విప్పాడు.

"మరి... పాట బాగుందని నలభై ఏళ్ళుగా అందరితో అంటున్నావు కదే?"

"పాట ఎలా ఉందని అడిగేవాళ్ళు. బాగుందనేదాన్ని. చూడటానికి బాగానే ఉంది మరి. విన్నావా అని ఒక్కరైనా అడిగారా?"

"వినలేదా!"

"ఎలా వింటానండీ? నాకప్పుడు చెవిపోటు. ఆ నెలంతా రెండు చెవుల్లోనూ మందు పోసి దూది కుక్కారు."