వెనక టైరుపై విచారణ సంఘం

ఏ టైరూ కారణం లేకుండా దిగిపోదు; ఆ కారణం తేలాలంటే ముందు ఒక సంఘం వేయాలి. మా ఇంట్లో ఈ సూత్రం, సైకిలు ట్యూబు మూత ఎవరు పారేశారన్న తగాదాతో అమల్లోకి వచ్చింది.

"నేను తియ్యలే బాపు. నువ్వే గాలికొట్టి ఏడనో పెట్టినవ్," అంది మా అమ్మాయి హర్షిణి. పదో తరగతి. సైకిలు లేకపోతే లెక్కల ట్యూషన్‌కు నడిచి చేరేసరికి సగం పాఠం అయిపోతుంది.

మా ఆయన వేణుమాధవ్ బొగ్గుగనిలో భద్రతా విభాగం ఉద్యోగి. అక్కడ కాలు జారినా విచారణే, పైకప్పు రాయి పడినా విచారణే. (రాయి వాంగ్మూలం ఇంకా అందలేదు.) పంక్చరు వేయించిన ప్రతిసారీ టైరు మళ్ళీ దిగిపోతుండటంతో ఆయన తాను అధ్యక్షులుగా, మా అత్త ఐలవ్వ సభ్యురాలిగా సంఘం ఏర్పాటు చేశారు. టీ బాధ్యత నాకు దక్కింది. సైకిలు చుట్టూ నా పాత చున్నీ కట్టి, ఎవరూ ముట్టరాదని ఉత్తర్వు ఇచ్చారు.

"ఏ తొవ్వల పోతున్నవ్?"

"ఉన్నది ఒక్కటే తొవ్వ గద బాపు."

"కిందికి చూస్కుంట పోతున్నవా?"

"కిందికి చూస్తే లారీ కింద పడ్త."

"పొల్లను గిట్ల సతాయిస్తే టైర్ల గాలి నిండుతదారా?" అంది అత్త. దీన్ని సభ్యురాలి భిన్నాభిప్రాయంగా స్వీకరించారు.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక నేను టైరు ఊడదీసి లోపల దూది తిప్పాను. ఒకచోట దూది చిక్కుకుంది. సన్నని ఇనుప తీగ ముక్క, బయటికి కనిపించదు. ట్యూబుకు అతుకు పడుతూనే ఉంది, తీగ తన పని తాను చేసుకుంటూనే ఉంది. పట్టకారుతో లాగి, ఆయన రాగానే చూపించాను.

"గిది సూడుండ్రి."

"ఎవలు ముట్టుమన్నరు? సాక్ష్యం ఖరాబైంది గద. అయినా కారణం నిన్ననే తేల్చినం. ఇప్పుడు తీగ అంటే ఎట్ల?"

ఆయన అనుభవంలో ఏ విచారణలోనూ యంత్రం తప్పు చేయలేదు. యంత్రం తప్పని తేలితే దాన్ని మార్చాలి. మనిషి తప్పని తేలితే మందలిస్తే చాలు.

ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు వడ్డిస్తుండగా తీర్పు వెలువడింది.

"నడిపినామెదే అజాగ్రత్త. సైకిల్ బంద్. రేపటి సంది నడిచి పోవాలె."

"మరి తీగ సంగతేంది బాపు?" హర్షిణి చెయ్యి కంచంలోనే ఆగింది.

"తీగ మీద వేరే విచారణ ఉంటది. అన్నం తిను."

ఇప్పుడు హర్షిణి చేరేసరికి ట్యూషన్‌లో బోర్డు మీద లెక్క సగం చెరిపేసి ఉంటోంది. మా ఇంట్లో మాత్రం ఆ నాటి నుంచి ఒక్క పంక్చరూ కాలేదు.