టైలరు గారి నడక

ఆ రోజు పొద్దున్నే టైలరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలిని వెంటబెట్టుకుని సినిమాకు, ఉదయం ఆటకు వెళ్ళి, పోయిన మొగుణ్ణి ఒకసారి కళ్ళారా చూసుకుని, వంట వేళకు ఇంటికి వచ్చేయాలి.

ఇందులో వింతేమీ లేదు. టైలరు గారు వయసులో ఉండగా చచ్చినవాళ్ళు లేచి నడిచే ఒక జాంబీల సినిమాకు పనిచేశారు. కొత్త బట్టలు కుట్టడం, మళ్ళీ వాటిని తనే చింపి, మట్టి పులిమి శవాల వేషం కట్టినవాళ్ళకు తొడగడం ఆయన పని. ఎడమ కాలు ఈడ్చి, కుడి భుజం ఎగరేసి నడిచే ఆ మనిషిని చూసి డైరెక్టరు ముచ్చటపడ్డాడు. గేటు తోసుకుని వచ్చే మొదటి శవంగా ఆయన్నే నిలబెట్టాడు.

"మిగతా శవాలన్నిటికీ నడక నేర్పింది నేనేనే!" అన్నారు ఆయన ఇంటికొచ్చి.

"ఆఁ, నేర్పడానికి మీ కాలే దొరికింది పాపం వాళ్ళకి!" అని ఆవిడ నవ్వేసింది. సినిమాకు రమ్మంటే, "బతికున్న మొగుణ్ణి శవంగా చూడమంటారా? ఛీ!" అని కసిరింది. ఆయన మళ్ళీ అడగలేదు. మొన్న వానాకాలంలో నిజంగానే పోయారు.

ఇప్పుడు ఆ సినిమా మళ్ళీ వచ్చిందని మనవరాలు అంది. శవంగా అయితేనేం, నడుస్తారు కదా!

టైలరమ్మ మంచి చీర తీసి ఇస్త్రీకి పట్టుకెళ్ళింది.

"ఎక్కడికి పెద్దమ్మా, ఇంత హడావిడి?" అన్నాడు ఇస్త్రీ అతను.

సినిమా అని చెప్పడానికి ఆవిడకు సిగ్గేసింది. "మా ఆయన దగ్గరికిరా. ఎన్నాళ్ళని ఇలా చూడకుండా ఉండను?" అంది.

ఆవిడ అటు వెళ్ళగానే ఇతను ఎవరిదో చొక్కా మీద ఇస్త్రీ పెట్టె వదిలేసి ఆవిడ కొడుక్కి ఫోను చేశాడు. చొక్కా మాడిపోయింది. కొడుకు ఆఫీసు నుంచి పరుగెత్తాడు. తల్లి సినిమా హాలు వైపు వెళ్ళిందని వీధిలోవాళ్ళు అన్నారు. ఆ హాలు వెనకే రైలు పట్టాలు. పాపం, ముందు పట్టాల వెంట వెతికాడు. కంచె దూకబోయి చొక్కా చింపుకున్నాడు, బురదలో బోర్లా పడ్డాడు.

హాల్లో అప్పుడే తెర మీద గేటు తెరుచుకుంది. నవనవలాడే కుర్రాడొకడు ముఖానికి రంగు పూసుకుని నిలబడ్డాడు.

"ఈయన మా ఆయన కాదు!" అని టైలరమ్మ లేచింది.

"నానమ్మా, కూర్చో! అందరూ చూస్తున్నారు."

"చూడనీవే. మీ తాతని ఎక్కడ దాచారో అడిగొస్తా."

చీకట్లో కుర్చీలు తడుముకుంటూ దిగింది. చల్లటి అరచెయ్యి ఒక పెద్దమనిషి బట్టతల మీద పడింది. ఆయన పెట్టిన కేకకు ఆ వరుసంతా లేచింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని, ఒళ్ళంతా బురదతో, చిరిగిన చొక్కాతో, చేతులు చాచుకుంటూ కొడుకు వచ్చాడు.

"అమ్మా!"

ఈసారి హాలంతా అరిచింది. లైట్లు వెలిగాయి.

"సినిమా తెర మీద ఆడాలండీ, కుర్చీల్లో కాదు!" అంటూ మేనేజరు వచ్చాడు.

"చావడానికి వెళ్ళావనుకున్నానమ్మా!" అన్నాడు కొడుకు వగరుస్తూ.

"చూడ్డానికొచ్చాన్రా. మీ నాన్న లేరు. ఎవణ్ణో పెట్టారు."

కొడుకు కోపమంతా చప్పబడిపోయింది. "ఇది కొత్తగా తీసిందమ్మా. పాతవాళ్ళెవరూ ఉండరు."

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా."

ఆవిడ కొంగు సర్దుకుంది. మనవరాలు చెయ్యి పట్టుకుంటే తలుపు దాకా నడిచింది. లైట్లు ఆరిపోయాయి. సినిమా మళ్ళీ మొదలైంది. ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగింది.

గేటు దాటి శవాలు గుంపుగా వస్తున్నాయి. అన్నీ ఎడమ కాలు ఈడుస్తున్నాయి, అన్నీ కుడి భుజం ఎగరేస్తున్నాయి. సాయంత్రం మిషను కట్టేసి, వీధి మలుపు తిరిగి వచ్చే మనిషి నడకే అది. పాత సినిమాలోని నడకను ఒక్క అడుగు మార్చకుండా తెచ్చి పెట్టారు.

"మీ నాన్న నిజమే చెప్పారురా," అంది ఆవిడ. "నేనే నవ్వాను."

కొడుకు మెట్ల మీద కూలబడ్డాడు. తల్లి అతని బురద చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. భయంతో హాలంతా కళ్ళు మూసుకుంటే, ఆ ఇద్దరూ మాత్రం తుడుచుకుని తుడుచుకుని చూశారు.

ఆ సినిమాలో చివరికి ఎవరు బతికారో టైలరమ్మకు ఇప్పటికీ తెలియదు. చచ్చినవాళ్ళ సంగతి అడిగితే మాత్రం లేచి నడిచి చూపిస్తుంది.